లేని మనుషుల జాబితా

ప్రొద్దుటూరు,
12-11-1962

ఖమర్‌బీ అక్కకు,

తమ్ముడు నూరుల్లా సలాములు. ఇక్కడ మేమంతా బాగున్నాం. వలి బావ దగ్గు ఎట్లుందో రాయి.

కార్డు కాకుండా కవరు రాస్తున్నాను, చూశావు కదా. కార్డు రాస్తే మీ పోస్టుమాస్టరు నారాయణప్ప ముందు తాను చదివి, తర్వాత నీకు కథ చెప్పి, ఆఖరున కార్డు చేతికిస్తాడు. ఈ సంగతి ఆయన నోట నువ్వు వినకూడదు.

చైనా యుద్ధం వచ్చింది కదా అని కడపలో కొత్తగా ఒక ఆఫీసు తెరిచారు. దానికొక ఇన్‌స్పెక్టరు. ఆయన మా టెలిఫోను ఎక్స్ఛేంజీకి ఉత్తరువు పంపాడు. గడిచిన ఆరు నెలల్లో మా బోర్డు మీదుగా పోయిన ట్రంకు కాల్స్ అన్నిటికీ ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఎవరి కోసం, ఏ రోజు, ఎన్ని నిమిషాలు అని జాబితా రాసి పంపాలట. ఏం మాట్లాడుకున్నారో మాత్రం అక్కరలేదట. చీట్లన్నీ కట్టలు కట్టి నా బల్ల మీద పెట్టారు. దస్తూరి బాగుందని ఆ పని నాకే పడింది. చిన్నప్పుడు వేళ్ల మీద కొట్టి ఆ దస్తూరి నేర్పింది నువ్వే కాబట్టి ఈ పాపంలో నీకూ వాటా ఉంది.

ఆ కట్టల్లో మన కరీముల్లా చీట్లు కూడా ఉన్నాయక్కా. పులివెందుల పబ్లిక్ ఫోను నుంచి జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రికి, ప్రతి మంగళవారం. ఫోను చేసిన మనిషి పేరు చీటీలో ఉండదు, ఆ భయం లేదు. అయినా నీ చెవిన వేయడం నా ధర్మం.

ఇట్లు,
వేళ్లు ఇంకా నొప్పిగా ఉన్న
నూరుల్లా


పులివెందుల,
17-11-1962

తమ్ముడు నూరుల్లాకు,

అక్క దీవెనలు. కవరు అందింది. నారాయణప్ప దాన్ని వెలుతురుకు పెట్టి చూసి, ఏమీ కనబడక ముఖం మాడ్చుకుని ఇచ్చాడు.

మీ బావ దగ్గు తగ్గింది. దూది ఏకే మనిషికి దగ్గు తప్పదని ఇన్నాళ్లూ ఎవరేం చెప్పినా వినలేదా, ఇప్పుడు తనంతట తానే మిరియాల కషాయం అడిగి తాగుతున్నాడు. ఎవరు చెప్పారని అడిగితే "నా గొంతు, నా మిరియాలు, నీకేంది" అంటాడు.

ఇక నీ జాబితా. నీకు తెలిసిందే అయినా మొదటి నుంచి చెప్తాను. కోపం వచ్చినప్పుడు మొదటి నుంచి చెప్తే గానీ నాకు తెగదు. నా బిడ్డ షరీఫా మేనత్త కొడుకును చేసుకోనని, నర్సు చదువు చదువుతానని జమ్మలమడుగు పోయి రెండేళ్లయింది. మీ బావ పీర్ల చావిడి ముందర పదిమందిలో దూది విల్లు పైకెత్తి, "నా ఇంట్లో ఎవురైనా దాంతో ఒక్క మాట మాట్లాడితే ఈ విల్లు ఇరిగిపోవాల" అని ఒట్టు పెట్టాడు. ఆ విల్లు వాళ్ల తాత చేతిది. మేము తినే ప్రతి ముద్దా దాని నారి మీద నుంచే వస్తోంది. అందుకని నేను మాట్లాడను. వినగూడదని మాత్రం ఒట్టులో లేదు.

మంగళవారం ఆయన పరుపులు కుట్టను చక్రాయపేట పోతాడు. నేను పోస్టాఫీసుకు పోయి, ఫలానా మనిషే కావాలని పి.పి. కాల్ పెడతాను. ఆ మనిషి లేకపోతే పూర్తి దుడ్లు కట్టే పని లేదని నేర్పింది నువ్వే కదా. నువ్వు అక్కడ "కరీముల్లా గారున్నారా" అని అడుగుతావు. ఆ ఫోను బల్ల దగ్గర కూర్చునేది నా బిడ్డే. "లేరండీ" అంటుంది. మొదట్లో అంతే. ఇప్పుడు తెలివి మీరింది. "లేరండీ, పరీక్ష పాసయి సంబరంగా బజారుకు పోయినారు" అంటుంది. "లేరండీ, జ్వరం తగ్గి అన్నం తింటాండారు" అంటుంది. నేను కొంగు నోట్లో కుక్కుకుని వింటాను. వారానికి ఆ ఒక్క నిమిషంతో బతుకుతున్నానురా.

మాటలు అక్కరలేదట అని తేలిగ్గా రాశావే. మా వీధి జానీబీకి పుట్టుచెవుడు. ఆమె ఎవరి మాటా వినలేదు. గడపలో కూర్చుని ఎవరు ఎవరింటికి పోయారు, ఎంతసేపటికి బయటికి వచ్చారు అని చూస్తుంది, అంతే. మా వీధిలో ఇప్పటికి మూడు కాపురాలు ఆ చూపుతోనే కూలాయి. ఇప్పుడు గవర్నమెంటు కూడా గడపలో కూర్చుంటే మేము యాడికి పోవాల?

కరీముల్లాను జాబితాలో రాయొద్దు. మీ బావకు తెలిసిందంటే నాకు ఆ నిమిషం కూడా పోతుంది.

నీ అక్క,
ఖమర్‌బీ


ప్రొద్దుటూరు,
24-11-1962

అక్కకు సలాములు.

యుద్ధం ఆగింది. జాబితా ఆగలేదు. నిన్ననే కడపకు పంపాను.

కరీముల్లాను వదిలేయడం కుదరలేదు. చీట్లకు వరుస నంబర్లు ఉంటాయి. ఒకటి తగ్గితే నా ఉద్యోగం తగ్గుతుంది. అయితే నీ తమ్ముడికి బుర్ర లేదనుకోకు. చివర రిమార్కుల గడి ఉంది. కరీముల్లా ఎదురుగా ప్రతిసారీ ఎర్ర సిరాతో "మనిషి లేరు" అని రాశాను. లేని మనిషితో గవర్నమెంటుకు ఏం పని? ఆయన ఒక్కడికే రాస్తే అనుమానం వస్తుందని, అట్లాంటి వాళ్లందరికీ రాశాను.

ఎంతమంది ఉన్నారనుకున్నావు? ఈ జిల్లాలో పి.పి. కాల్ పెట్టేవాళ్లలో సగం మందికి అవతల మనిషితో పనే లేదు. ఒక పత్తి వ్యాపారి, పేరు చెప్పను, గురమ్మ ఉందా అని అడిగిస్తే ధర పెరిగిందని, లక్ష్మీకాంతమ్మ ఉందా అంటే తగ్గిందని అర్థం. వాళ్లు మాట్లాడుకోరు, గవర్నమెంటుకు పూర్తి దుడ్లూ కట్టరు. పెద్దముడియం వైపు ఒక రైతు వానపడితే ఒక పేరు, పడకపోతే ఒక పేరు పెట్టాడు. నీ కరీముల్లాకు తోడు అదే ఆసుపత్రికి, మీ ఊరి నుంచే, ప్రతి శుక్రవారం కొండయ్య అనే ఇంకొక లేని మనిషి కోసం కూడా ఫోను పోతుంది. కాబట్టి నువ్వు ఒంటరిదానివి కాదు, దిగులు పెట్టుకోకు.

నీ బుర్ర ఉన్న తమ్ముడు,
నూరుల్లా


పులివెందుల,
29-11-1962

నూరుల్లాకు,

ఎవరా కొండయ్య?

నా బిడ్డ కూర్చునే ఫోనుకు, మా ఊరి నుంచి, ప్రతి శుక్రవారం ఎవడో ఫోను చేస్తుంటే నువ్వు నాకు ఇప్పుడా చెప్పేది? అదీ దిగులు పెట్టుకోకు అని. వయసులో ఉన్న పిల్ల. గొంతు వినడానికి ఫోను చేస్తున్నాడంటే వాడు ఎట్లాంటివాడై ఉంటాడు? మన కరీముల్లా పద్ధతే వాడూ పట్టాడంటే, ఎవడో మన సంగతి అంతా తెలిసినవాడే. ఆ పెళ్లి తప్పిపోయిన మేనత్త కొడుకేమోనని నా అనుమానం.

చీట్లు రాసేది నువ్వు, లైను కలిపేది నువ్వు. వాడి గొంతు నీకు తెలియకుండా ఉండదు. పేరు రాసి పంపు. పంపేదాకా నాకు నిద్ర లేదు.

ఖమర్‌బీ


ప్రొద్దుటూరు,
5-12-1962

అక్కకు,

తప్పు నాదే. కొండయ్య పేరు నేను రాయకూడదు. రాశాను. ఇక మీద ఒక్క అక్షరం రాయను.

ఉద్యోగంలో చేరిన రోజు మాతో ఒక కాగితం మీద సంతకం చేయిస్తారు. లైనులో చెవిన పడింది నోటికి రాకూడదని. తొమ్మిదేళ్లయింది. ఈ బోర్డు ముందు కూర్చుని నేను ఎన్ని వినలేదు? ఎవరి కోడలు పుట్టింటికి ఏం చెప్పుకుందో, ఏ పెద్దమనిషి ఎవరిని బతిమాలుకున్నాడో అన్నీ నా చెవులకు తెలుసు. సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు అవన్నీ ఇక్కడే దించేసి పోతాను. లేకపోతే ఈ ఊళ్లో ఎవరి ముఖమూ చూడలేను. కొండయ్య వల్ల నీ బిడ్డకు చెడు జరగదు. నన్ను నమ్ము. అంతకంటే అడగకు.

ఇక్కడ నా తిప్పలు వేరే ఉన్నాయి. నా ఎర్ర సిరా కొంప ముంచింది. ఇన్‌స్పెక్టరు జాబితా చదివి జీపు వేసుకుని వచ్చేశాడు. "ఏమయ్యా, ఈ నలభై ముగ్గురు మనుషుల్ని ఊరూరా ఫోన్లు చేసి వెతుకుతాండారు. ఒక్కడు గూడా ఒక్కసారైనా ఇంట్లో లేడు. అందరూ యాడికి పోయినారు?" అని అడిగాడు. వాళ్లు అసలు లేరండీ అన్నాను. "అదే అడుగుతాండా, లేకుండా యాడికి పోయినారు?" అన్నాడు. ఎవరో నలభై ముగ్గురిని దాచిపెట్టి నడిపిస్తున్నారని ఆయన నిశ్చయం. పి.పి. కాల్ సంగతి చెప్తే ఊరందరి గుట్టూ బయట పడుతుంది. చెప్పకపోతే నేనూ ఆ ముఠాలో చేరతాను. చెప్పలేదు.

నూరుల్లా


పులివెందుల,
10-12-1962

టెలిఫోను ఆఫీసు నూరుల్లా గారికి,

గవర్నమెంటు అడిగితే ఆరు నెలలది రాసిచ్చావు. తోడబుట్టిన అక్క అడిగితే ఒక్క పేరుకు సంతకం గుర్తొచ్చింది. శానా సంతోషం.

నా బిడ్డను నేనే కాపాడుకుంటాను. వచ్చే శుక్రవారం మధ్యాహ్నం మీ బావ జుమ్మా నమాజుకు మసీదులో ఉంటాడు. ఆ వేళకు నేను పోస్టాఫీసు పక్క సందులో నిలబడతాను. దూది బాదే బద్ద చేతిలో ఉంటుంది. కొండయ్య ఎవరో ముందు వాడి వీపుకు తెలుస్తుంది. తర్వాత నాకు.

నీకు ఇక జాబు రాయను.

ఖమర్‌బీ


పులివెందుల,
15-12-1962

నా తమ్ముడు నూరుల్లాకు,

రాయనని రాసి రాస్తున్నాను. నవ్వుకో.

నిన్న సందులో నిలబడ్డాను. నమాజుకు పిలుపు అయింది. జనం మసీదు వైపు పోతున్నారు. ఒక మనిషి మాత్రం టోపీ పెట్టుకుని, ఆ జనంలోనే నడిచి, మసీదు మలుపు దగ్గర వెనక్కి తిరిగి, గోడ వెంబడి పోస్టాఫీసుకు వచ్చాడు. ఫోను గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు. అద్దంలో నుంచి వీపు కనబడుతోంది. బద్ద పైకెత్తి రెండడుగులు వేశాను. అప్పుడు ఆ వీపు దగ్గింది.

ముప్పై ఏళ్లుగా నా పక్కన దగ్గుతున్న దగ్గు నాకు తెలియదా?

మీ బావ తువ్వాలు నోటికి అదిమి పెట్టుకుని, ఫోను చెవికి ఆనించుకుని నిలబడ్డాడు. ఒక్క మాట లేదు. వింటున్నాడు. తర్వాత ఫోను పెట్టేసి, ఆ తువ్వాలుతోనే కళ్లు తుడుచుకుని, మళ్లీ మసీదుకు పరిగెత్తాడు. అప్పటికి సగం నమాజు అయిపోయి ఉంటుంది. అల్లా క్షమిస్తాడు.

నేను బద్ద పట్టుకుని సందులోనే కూలబడి ఏడ్చాను. అంతా ఆయన మొండితనమే అనుకుని రెండేళ్లు మనసులో తిట్టుకున్నాను. నేను ఒట్టులో వెతుక్కున్న సందే ఆయనా వెతుక్కున్నాడు. ఒకే ఇంట్లో ఇద్దరం దొంగలం, ఒకరికొకరు తెలియకుండా.

నీకు తెలుసు. రెండేళ్లుగా మంగళవారం నన్ను, శుక్రవారం ఆయనను నువ్వే కలుపుతూ, నాకు ఆయన సంగతి, ఆయనకు నా సంగతి చెప్పకుండా కడుపులో పెట్టుకున్నావు. పండక్కి వచ్చి మా ఇద్దరి మధ్య కూర్చుని సేమ్యా తిన్నావు. నీ మీద కోపం రావాలి, రాలేదు. నువ్వు ఆయనది నాకు చెప్పి ఉంటే, నాది ఆయనకు చెప్పి ఉండవని నమ్మకమేముంది?

నేను చూశానని ఆయనకు చెప్పలేదు. ఆయన దాచుకున్నది ఆయనే తీసి ఇవ్వాలి.

నీ అక్క,
ఖమర్‌బీ


ప్రొద్దుటూరు,
22-12-1962

అక్కకు,

నీ జాబు చదివి బోర్డు ముందే ఏడ్చాను. కాల్ కోసం చూస్తున్న ఒక శెట్టి, తన లైను కలవలేదని నేను ఏడుస్తున్నాననుకుని ఓదార్చాడు.

ఇన్‌స్పెక్టరు జమ్మలమడుగు ఆసుపత్రికి పోయి షరీఫాను పట్టుకున్నాడు. నిన్న సెలవు పెట్టి పోతే అదే చెప్పింది.

"కరీముల్లా ఎవురు?"

"లేరండీ."

"యాడికి పోయినాడు?"

"యాడికీ పోలేదు. ఎప్పుడూ లేరు."

"లేనోడు పరీక్ష ఎట్ల పాసయినాడమ్మా? పులివెందుల నారాయణప్పను అడిగితే జ్వరం గూడా తగ్గిందని చెప్పినాడే?"

మన పిల్ల తడుముకోలేదు. "సార్, ఇది ఆసుపత్రి. ఎవురికి జ్వరం తగ్గిందో బయటోళ్లకు చెప్పకూడదు" అందట. ఆయన టోపీ తీసి, తల గోక్కుని, మళ్లీ పెట్టుకున్నాడట.

అక్కా, ఇప్పుడు జాగ్రత్త. వచ్చే శుక్రవారం ఆయన పులివెందుల వచ్చి ఫోను గది దగ్గరే కూర్చుంటాడట, కొండయ్యను పిలిచేవాణ్ణి పట్టుకోవడానికి. నారాయణప్పకు కాగితం పంపాడు. పదిమందిలో బావను నిలబెట్టి అడిగితే ఒట్టు సంగతి వీధిన పడుతుంది. బావ తల ఎత్తుకోలేడు. నేను బావకు చెప్పలేను, ఆయన కొండయ్య అని నాకు తెలియదు కదా. నువ్వూ చెప్పలేవు. ఏం చేయాలో నాకు తోచడం లేదు.

నూరుల్లా


ప్రొద్దుటూరు,
29-12-1962

అక్కకు,

ముందు మంచి కబురు. ఇన్‌స్పెక్టరు మీ ఊరు రాడు.

గురువారం ఆయన ఇక్కడే మా ఆఫీసులో కూర్చుని జాబితా మళ్లీ మొదటి నుంచి చదివాడు. ఏడో పేజీ దగ్గర ఆగిపోయాడు. అందులో ముద్దనూరు నుంచి పోయిన కాల్స్ ఉన్నాయి. వాటికి ఎదురుగా కడపలో ఆయన సొంత ఇంటి నంబరు ఉంది. ఎవరు, ఎవరి కోసం, ఏ రోజు, ఎన్ని నిమిషాలు, రిమార్కుల గడిలో ఏముంది అనేది నేను చెప్పను. ఆయన చాలాసేపు ఆ పేజీనే చూసి, నీళ్లడిగి తాగి, "నువ్వు ఇది చదివినావా?" అన్నాడు. రాశాను సార్, చదవలేదు అన్నాను. ఫైలు మూసి, దారం రెండు చుట్లు ఎక్కువ చుట్టాడు. "మాటలు లేకపోతే ఏముంటాదిలే అనుకుంటి" అన్నాడు. జీపు ఎక్కి పోయాడు. దారం చుట్టకముందే ఆ ఏడో పేజీని మాత్రం తీసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

రెండో కబురు నీకు తెలిసే ఉంటుంది. నిన్న శుక్రవారం మధ్యాహ్నం పులివెందుల నుంచి జమ్మలమడుగు ఆసుపత్రికి పి.పి. కాల్ వచ్చింది. ఎవరి కోసం అని అడిగాను. కాసేపు దగ్గు. తర్వాత బావ గొంతు: "షరీఫా. వలి బాషా కూతురు షరీఫా. ఉందేమో కనుక్కో."

లైను కలిపాను. "షరీఫా గారున్నారా" అన్నాను. అవతల మన పిల్ల "ఉన్నానండీ" అంది.

నేను తలకున్న చెవిగొట్టం తీసి బల్ల మీద పెట్టేశాను. లైనులో మాటలు వినే కీ పైకెత్తాను. గోడ గడియారం మాత్రం చూశాను, నిమిషాలు రాయాలి కదా. పదకొండు నిమిషాలు.

అక్కా, తొమ్మిదేళ్లలో వినాలని ఇంత ఆశ ఎప్పుడూ పుట్టలేదు. వినలేదు. ఇప్పుడు నువ్వైనా చెప్పు. తండ్రీ కూతుళ్లు పదకొండు నిమిషాలు ఏం మాట్లాడుకున్నారు? ఒట్టు ఏమైంది?

నూరుల్లా


పులివెందుల,
3-1-1963

నా బంగారు తమ్ముడు నూరుల్లాకు,

కొత్త సంవత్సరం దీవెనలు.

ఒట్టు సంగతి చెప్తాను. ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని నారాయణప్ప గురువారం పొద్దున మీ బావ చెవిలో వేశాడు. మధ్యాహ్నం దాకా ఆయన దూది ఏకలేదు, అన్నం తినలేదు. సాయంత్రం నా ముందుకు వచ్చి నిలబడి, "ఖమరూ, రేపు ఎవురో వచ్చి చెప్తే నువ్వు ఇనే కన్నా నేనే చెప్తాండా. కొండయ్యను పిలిచేది నేనే" అన్నాడు. నేను తలెత్తకుండా పచ్చిమిరపకాయలు తరుగుతూ "కరీముల్లాను పిలిచేది నేను" అన్నాను. ఆయన పీట మీద కూర్చుండిపోయాడు. కాసేపటికి నవ్వు మొదలుపెట్టాడు. నవ్వు దగ్గయింది. దగ్గు ఏడుపయింది. "కొండయ్య గారు లేరండీ, వస్తే దగ్గుకు మిరియాల కషాయం తాగమని చెప్తాలెండి అంటాది రెండు నెల్ల నుంచి. నా దగ్గు గుర్తుపట్టింది గదే నా తల్లి" అన్నాడు. ఆ కషాయం ఎవరు చెప్పారో అప్పుడు తెలిసింది నాకు.

మరునాడు పొద్దున విల్లు గోడ మీద నుంచి దించాడు. ఎవరికీ చెప్పకుండా పీర్ల చావిడి ముందుకు పట్టుకుపోయాడు. ఒట్టు పెట్టిన చోటనే, మోకాలి మీద పెట్టి తానే విరిచేశాడు. చూసినవాళ్లు పిచ్చి పట్టిందన్నారు. "మాట్లాడితే ఇరగాల అంటి. ముందే ఇరిగింది. ఇంగ మాట్లాడతా" అని మసీదుకు పోయి, అక్కడి నుంచి నేరుగా పోస్టాఫీసుకు నడిచాడు. జుమ్మా నమాజు ఈ వారం పూర్తిగా చేసుకునే వెళ్లాడు, అది కూడా రాసుకో. ఇప్పుడు వాళ్ల తమ్ముడి విల్లు అడిగి తెచ్చుకుని పని చేస్తున్నాడు. నారి సరిగా మోగడం లేదని రోజంతా తిడుతున్నాడు. ఇంట్లో ఆ తిట్లు ఎంత హాయిగా ఉన్నాయో చెప్పలేను.

నారాయణప్పను అడిగాను. ఊరందరి కార్డులూ చదివి ఊరందరికీ చెప్తావే, మా ఇద్దరి సంగతి రెండేళ్లు ఎట్లా దాచావని. "కార్డు తెరిచి ఉంటాది, చదువుతా. ఫోను గదికి తలుపుంది గదమ్మా" అన్నాడు. మరి నేను సంతోషం పట్టలేక నీతో అన్న జ్వరం సంగతి ఆ ఇన్‌స్పెక్టరుకు ఎందుకు చెప్పావంటే, "అడిగినోడు జీపులో వచ్చినాడు, ఏదో ఒకటి చెప్పాల గదా" అన్నాడు. మనిషన్నాక పూర్తిగా మంచివాడుగా ఉండడం కష్టమే.

షరీఫా ఈ నెల ఇరవైన సెలవు పెట్టి వస్తోంది. నువ్వూ నీ పెళ్ళాం పిల్లలూ రావాలి. సేమ్యా చేస్తాను. ఈసారి ఏమీ దాచుకోకుండా తిను.

ఇక నువ్వు అడిగింది. పదకొండు నిమిషాలు వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారని. నేను ఫోను గది బయటే నిలబడ్డాను. తలుపు వేసి ఉంది. ఆయన వచ్చాక నేనూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

నీకు నిమిషాలు తెలుసు కదరా. అవి రాసుకో.

నీ అక్క,
ఖమర్‌బీ